షార్ లాంచ్ వ్యూ గ్యాలరీ: పిల్లల్తో పోయేవాళ్లు ఎల్‌వీఎం3 ఉన్న రోజే పోండి

నా రేటింగ్ 5కి 5. నెల్లూరులో పుట్టి పెరిగి రాకెట్‌ని మిద్దె మీద నించి తప్ప చూడనోళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ల కోసమే ఇది రాస్తన్నా. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయినాయి గానీ మాకు ఇప్పటికీ అది మన షారే, అంటే ఇస్రో రాకెట్లు వదిలే కేంద్రం. గ్యాలరీని మామూలు జనానికి 2019లో తెరిచినారు. స్టేడియం మాదిరి మెట్ల మీద వరసగా కూర్చుంటే లాంచ్ ప్యాడ్ల వైపు కనపడతాది, పెద్ద స్క్రీన్లు ఉంటాయి, కౌంట్‌డౌన్ మైక్‌లో వినపడతా ఉంటాది.

మేము పోయింది 2025 నవంబర్ 2న, సీఎంఎస్-03 అనే కమ్యూనికేషన్ ఉపగ్రహం లాంచ్‌కి. ఆదివారం, సాయంత్రం 5:26కి. పాప ఏడో క్లాసు, స్కూలు గొడవ లేదు. నేను ఆ రోజే కావాలనుకున్న అసలు కారణం వేరే, ఆ రోజు పోయే రాకెట్ ఎల్‌వీఎం3. చంద్రయాన్-3ని మోసుకుపోయిన రాకెట్ ఇదే, గగన్‌యాన్‌లో మనుషుల్ని తీసుకుపోవడానికి తయారు చేస్తన్నది కూడా దీన్నే.

నా సంగతి కొంచెం చెప్పాలి. 1997లో కల్పనా చావ్లా మొదటిసారి అంతరిక్షంలోకి పోయినప్పుడు నేను స్కూల్లో ఉన్నా, పేపర్లో ఆమె ఫోటో చూసినప్పట్నించి నేనూ పోవాలని ఉండేది, 2003 ఫిబ్రవరిలో ఆమె తిరిగొస్తన్న కొలంబియా స్పేస్ షటిల్ ముక్కలైపోయి ఆమె చనిపోయిందని టీవీలో చూసి ఏడ్చినా గానీ ఆ కోరిక మటుకు పోలా. డిగ్రీ, పెళ్లి, ఉద్యోగం, పాప, ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. సూళ్లూరుపేట దాటినాక పులికాట్ సరస్సు మీద రోడ్డు ఉంటాది చూడండి, రెండు పక్కలా నీళ్లే, అక్కడ కార్లో మొదటిసారి పాపకి చెప్పినా, నాకు చిన్నప్పట్నించి అంతరిక్షంలోకి పోవాలని ఉంది అమ్మడూ, ఇప్పటికీ ఉంది అని.

అది ఆశ్చర్యపోతాదేమో అనుకుంటే ప్రశ్నల మీద ప్రశ్నలు. ఎంత దూరం అమ్మా అనింది. గగన్‌యాన్ పోయేది 400 కిలోమీటర్ల ఎత్తుకి, మనం నెల్లూరు నించి హైదరాబాద్ పోయేంత కూడా ఉండదు అని చెప్పినా. అంత దగ్గరైతే అంత పెద్ద రాకెట్ ఎందుకు అనింది. చాలా మంచి ప్రశ్న, పెద్దోళ్లు కూడా అడగరు. ఎత్తుకి పోవడం ఒక్కటే అయితే చిన్న రాకెట్ చాలు, మన గుంటూరు శిరీష బండ్ల 2021లో, విజయవాడ తోటకూర గోపీచంద్ 2024లో పోయినారు గదా, అవి అట్టా పైకి పోయి కొన్ని నిమిషాల్లో కిందకి వచ్చేసే ప్రయాణాలు. పడిపోకుండా భూమి చుట్టూ తిరగాలంటే పక్కకి సెకనుకి 7 కిలోమీటర్లకు పైన స్పీడ్ కావాలి, ఇంధనం ఎక్కువ అయిపోయేది ఆ స్పీడ్‌కే. శుభాంశు శుక్లా 2025 జూన్‌లో స్పేస్ స్టేషన్‌కి పోయింది అట్టాంటి స్పీడ్‌తోనే. పాప తలూపింది గానీ నమ్మినట్టు లేదు, రాకెట్ అంటే నిట్టనిలువుగా పైకి పోయేదే గదా అని దాని లెక్క.

ఇంక లాంచ్. చెట్ల పైన ముందు వెలుగు కనపడింది, సౌండ్ లేదు. పాప నా చెయ్యి పట్టుకోని ఏమైంది అమ్మా అంటా ఉంది, శబ్దం ఒక కిలోమీటర్ రావడానికి దాదాపు 3 సెకన్లు పడతాది అమ్మడూ ఆగు అన్నా. అప్పుడు వచ్చింది సౌండ్. వీడియోల్లో ఎన్ని సార్లు విన్నా అది కాదు, ఛాతీలో తగలతాది. 640 టన్నుల రాకెట్, లేచేటప్పుడు మండేవి పక్కనుండే రెండు ఎస్200 బూస్టర్లే, ఒక్కోదాంట్లో 200 టన్నులకి పైన ఘన ఇంధనం, ఒకసారి అంటుకుంటే ఆపేది లేదు. మధ్యలో ఉండే ద్రవ ఇంధనం ఇంజిన్లు కింద మండవు, గాల్లోకి పోయినాక దాదాపు రెండు నిమిషాలకి అంటుకుంటాయి.

జనం అరస్తా ఉన్నారు, నాకు కళ్లమ్మట నీళ్లు. పాప అరవలేదు, తల అట్టా తిప్పతా తిప్పతా చూసి, "అమ్మా, అది పైకి పోవట్లా, సముద్రం మీదకి వంగిపోతంది, పక్కకి పోతంది!" అనింది. దానికి అర్థమైపోయింది. ఇంటికొచ్చినాక గ్లోబు తిప్పి చూపించినా, భూమి తూర్పుకి తిరగతాది గదా, శ్రీహరికోట దగ్గర ఆ స్పీడే సెకనుకి 450 మీటర్ల దాకా ఉంటాది, తూర్పుకి వదిలితే అంత స్పీడ్ ఊరికే కలిసొస్తాది, పడినా సముద్రంలోనే పడతాది, అందుకే మన తీరం ఎంచుకున్నారు అని. 1971 నించి ఇక్కణ్ణించే వదలతా ఉన్నారు.

పోయేవాళ్లకి కొన్ని మాటలు. లాంచ్ ముందు షార్ వెబ్‌సైట్లో రిజిస్ట్రేషన్ తెరుస్తారు, సీట్లు తొందరగా అయిపోతాయి, అనౌన్స్ చేసిన రోజే చూడండి, ఐడీ కార్డు ఒరిజినల్ పెట్టుకోండి. ఆన్‌లైన్లో చవగ్గా వచ్చిందని ఒక బైనాక్యులర్ కొన్నా, అంతా మసక మసకగా ఉంది, డబ్బులు దండగ, కంటితోనే బాగా కనపడతాది. ఫోన్లో వీడియో తీస్తా కూర్చోవద్దు, వీడియో ఇస్రో వాళ్లు మనకన్నా బాగా తీస్తారు, మీరు రాకెట్‌ని ఒక కంటితో, మీ బిడ్డ మొహాన్ని ఇంకో కంటితో చూడండి. చలికాలం అయితే పొద్దున్నే బయల్దేరండి, పులికాట్‌లో ఫ్లెమింగోలు కూడా చూడొచ్చు. స్పేస్ మ్యూజియం, రాకెట్ గార్డెన్ లాంచ్‌కి ముందే చూసేయండి, అయిపోయినాక అందరూ ఒకేసారి లేస్తారు, కార్లు కదలడానికి చాలా టైం పట్టింది. అంతరిక్షంలో బాత్రూమ్ ఎట్టా అమ్మా అని పాప అడిగింది ఆ ట్రాఫిక్‌లోనే, గాలితో పీల్చే గొట్టాలుంటాయి అని మొదలుపెడితే నాయుడుపేట దాకా అదే టాపిక్.