పురుగు పట్టిన అడవి: నరకాలా, వదిలేయాలా?

జర్మనీలోని బవేరియన్ ఫారెస్ట్ నేషనల్ పార్కులో ఈ గొడవ 1983లో మొదలైంది. ఆ ఏడాది పెనుగాలికి స్ప్రూస్ చెట్లు (పైన్ చెట్టుకి దగ్గరి చుట్టాలు) పెద్ద ఎత్తున కూలాయి. అప్పటి బవేరియా మంత్రి హాన్స్ ఐసెన్‌మన్ వాటిని ముట్టుకోవద్దని నిర్ణయించారు. పడిన చెట్లలో బెరడు పురుగు పెరిగింది. 1990ల్లో లూసెన్ కొండ చుట్టూ నిలువునా ఎండిన మానులే. ఊళ్లవాళ్లు మండిపడ్డారంటే పడరా మరి!

పురుగు బియ్యపు గింజకన్నా చిన్నది. ముందుగా కనిపించేది చెట్టు మొదట్లో రాలిన ముక్కుపొడి లాంటి గోధుమరంగు పొట్టు. బెరడు ఊడదీస్తే లోపల జెర్రి బొమ్మ గీసినట్టు సొరంగాలు. అందుకే జర్మన్లు దీన్ని 'అచ్చువేసేవాడు' అంటారు. బలంగా ఉన్న చెట్టు బంక కార్చి పురుగుని ముంచేస్తుంది. వానల్లేని ఏడాది ఆ బంకే ఉండదు.

నరకడం పనిచేస్తుంది, కానీ గడువు చాలా తక్కువ. ఎండాకాలంలో గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా రెండు నెలలైనా పట్టదు. ఆలోపే నరికి, బెరడు ఒలవాలి లేదా దుంగల్ని దూరంగా తరలించాలి. ఆలస్యమైతే పురుగు ఎగిరిపోతుంది, దాన్ని తినే శత్రు పురుగులు మాత్రం దుంగలతో పాటు లారీ ఎక్కుతాయి. పైగా పక్క చెట్ల మీద ఒక్కసారిగా ఎండ పడి అవి నీరసిస్తాయి. అందరూ ఒకేసారి నరికితే కలప ధర కూడా పడిపోతుంది.

వదిలేసిన చోట? లూసెన్ దగ్గర ఎండిన మానుల మధ్యే కొత్త మొక్కలు లేచాయి, కుళ్లిన దుంగల మీద కూడా. ఎండిన చెట్లుంటే మూడు వేళ్ల వడ్రంగిపిట్టకి పండగే. కానీ పక్కనే సొంత అడవి ఉన్న రైతుకి ఈ కబుర్లు చెబితే ఊరుకోడు. అదే అతని బ్యాంకు. అందుకే పార్కు అంచున కనీసం అర కిలోమీటరు వెడల్పున పురుగు చెట్లని నరుకుతూనే ఉంటారు, లోపల ముట్టుకోరు.

నా ఓటు ఈ పద్ధతికే. కలప కోసం పెంచిన అడవైతే వెంటనే నరకాలి. చేతకాకపోతే, కూలిన చెట్టు బెరడుని గాట్లు పడేలా గీకినా పిల్ల పురుగులు ఎండిపోతాయి, దుంగ అక్కడే ఉండిపోతుంది. అసలు చేయకూడనిది ఆలస్యంగా నరకడం. బెరడు రాలిపోయిన చెట్టులో ఈ పురుగుకి తిండే లేదు. దాని మీద రంపం పెడితే మిగిలేది కూలి ఖర్చే.