చిన్న ఉప్పునీటి ట్యాంకులో నాలుగేళ్లు, మూడు ఫిల్టర్లు

నా ట్యాంకు 60 లీటర్లది. రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, కొన్ని మెత్తటి కోరల్స్. ఏ ఫిల్టర్ కొనాలని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను ఎదురడిగేది ఒకటే: వారానికి ఎన్నిసార్లు దాన్ని తెరవగలరు?

మొదట క్యానిస్టర్ పెట్టాను, అంటే ట్యాంకు నీళ్లని పైపులతో లాగి మూసిన డబ్బాలో వడకట్టి తిరిగి పంపే ఫిల్టర్. మంచినీటి ట్యాంకు రోజుల నుంచి అలవాటు. చప్పుడు చేయదు, కింద అల్మారాలో కనబడకుండా ఉంటుంది. కనబడకపోవడంతోనే వచ్చింది తంటా. ఆరు నెలలు నీళ్లు తళతళలాడాయి, మలినం కుళ్ళి చివరికి మిగిలే నైట్రేట్ మాత్రం 40 పీపీఎం (పది లక్షల్లో 40 భాగాలు) నుంచి దిగనంది. ఓ ఆదివారం మూత తీస్తే స్పాంజిల మధ్య గోధుమరంగు బురద, మురుక్కాలవ వాసన. మిగిలిన తిండి, చేపల రెట్ట అక్కడే చిక్కుకుని కుళ్ళుతున్నాయి. వారంవారం కడిగితే ఈ బాధ ఉండదు, నిజమే. కానీ వాల్వులు కట్టేసి, పైపులు ఊడదీసి, డబ్బా మోసుకెళ్లి, నేలంతా ఉప్పునీళ్లు చేసుకుని... రెండు వారాలు చేశాను. మూడో వారం వాయిదా వేశాను.

అసలు దెబ్బ కరెంటు పోయిన రోజు తగిలింది. ఇంట్లో ఎవరూ లేరు. గంటల తరబడి పంపు ఆగేసరికి మూసిన డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి, అందులో పెరిగే మేలు చేసే బ్యాక్టీరియా చచ్చి, కరెంటు రాగానే ఆ నీళ్లన్నీ ట్యాంకులోకి వచ్చాయి. నేను వచ్చేసరికి ట్యాంకు పల్చటి మజ్జిగలా ఉంది. ఇప్పుడున్న రొయ్య రెండోది.

ఆ తర్వాత అద్దానికి వెనక తగిలించే ఫిల్టర్‌కి మారాను. బ్యాక్టీరియా పెరగడానికి వేసే సిరామిక్ రింగులు ఒక్కసారే తీసేయకుండా వారానికి కొన్ని తీశాను. ఇప్పుడు అందులో ఫిల్టర్ దూది, చిన్న కార్బన్ సంచి తప్ప ఏమీ లేవు. దూది మూడు రోజులకోసారి తీసి పారేస్తాను, రెండు నిమిషాల పని. కార్బన్ నెలకోసారి.

మరి రెట్ట, మిగిలిన తిండి నుంచి పుట్టి చేపలకి విషమయ్యే అమ్మోనియా సంగతి? దాన్ని చూసుకునేది ఫిల్టర్ కాదు, ట్యాంకులో ఉన్న ఏడు కిలోల లైవ్ రాక్, అంటే బ్యాక్టీరియా కాపురమున్న రంధ్రాల రాయి. రాయి పైన ఉండే బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ అందని లోపలి రంధ్రాల్లో వేరే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌లో కొంతను నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తుంది. దానికి నీళ్లు రాయి చుట్టూ బాగా తిరగాలి, అందుకే చిన్న వేవ్ పంపు ఒకటి వేరేగా పెట్టాను. సందుల్లో చేరిన నుసిని పెద్ద సిరంజితో ఊదుతాను, అది లేచి దూదిలో పడుతుంది.

మధ్యలో ఎనిమిది నెలలు ప్రొటీన్ స్కిమ్మర్ కూడా వాడాను, బుడగలతో మలినాన్ని తీసే పరికరం అది. ఉప్పునీళ్లలో బుడగలు సన్నగా, దట్టంగా వస్తాయి. మలినం వాటికి అంటుకుని నురగై, కుళ్ళకముందే దాని పైనున్న కప్పులోకి వెళ్లిపోతుంది. కప్పులో చేరే ఆ డికాక్షన్ రంగు నీళ్లు చూస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. కానీ చిన్న స్కిమ్మర్‌కి పొగరెక్కువ. ట్యాంకులో చెయ్యి పెడితే చాలు, చర్మం మీది జిడ్డుకే నురగ పడిపోయి గంటల తరబడి అలిగి కూర్చునేది. పైగా నీళ్లనిండా సన్న బుడగలు, రాత్రంతా గుయ్‌మని మోత. నా రెండు చేపలకి వారానికి ఆరు లీటర్ల నీళ్లు మారిస్తే సరిపోతోంది కాబట్టి తీసేశాను. చేపలెక్కువ ఉన్నవాళ్లు మాత్రం నన్ను చూసి తీసేయకండి.

వెనక ఫిల్టర్‌కీ లోపాలున్నాయి. అంచుల వెంబడి ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, తడిగుడ్డతో తుడవాలి. మోటారులో తిరిగే రెక్కను రెండు నెలలకోసారి వెనిగర్‌లో నానబెట్టకపోతే గరగరలాడుతుంది. నీళ్లు ఆవిరై మట్టం తగ్గితే జలపాతంలా చప్పుడు మొదలవుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు కాబట్టి ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లు పోయాలి. రోజూ మట్టం చూసుకోవడం నాకు గుర్తుండదు. ఇప్పుడు ఆ చప్పుడు వినగానే ఇంట్లోవాళ్లే వంటింట్లోంచి అరుస్తున్నారు, "నీ ట్యాంకుకి దాహమేస్తోంది" అని.