కొంగల ఫొటో ట్రిప్‌కు అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

హన్మకొండ, వరంగల్, నర్సంపేట కెమెరా మిత్రులారా! "పాకాలలో కొంగల ఫొటోగ్రఫీ, మాటు గుడారం, బోటు, గైడు" అంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న ప్యాకేజీకి పైసలు కట్టకండి. నేను సగం ఫోన్‌పేలో, మిగతాది బండి ఎక్కేముందు కట్టాను.

పాకాల అభయారణ్యం గేటు మొహం కూడా చూపించలేదు. అటవీశాఖ అనుమతి ఏదంటే "అక్కడ రద్దీ, ఇక్కడైతే ఇంకా దగ్గర" అని ఒక ఊరి చెరువు కట్ట మీద దించారు. గుడారం లేదు, బోటు లేదు. కట్ట కింది చింతచెట్ల నిండా మాత్రం నత్తగుళ్ల కొంగల గూళ్లు.

ఇంతవరకే అయితే పోయినవి పైసలే అనుకునేవాణ్ని. గైడు చెట్ల కిందికి పోయి చప్పట్లు కొట్టి మట్టిపెళ్లలు విసిరాడు. కొంగలన్నీ ఒక్కసారే లేచాయి. "ఎగిరితేనే కదన్నా ఫొటో!" అన్నాడు. ఎండ ముదిరితే ఈ కొంగలు రెక్కలు చాపి పిల్లలకు నీడ పడతాయి. ఆ నీడ పోయేసరికి నూగు పిల్లలు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి, కాకులేమో కొమ్మల్లోకి దిగుతున్నాయి. బర్లు కాసే పెద్దాయన "గూళ్లల్ల పిల్లలున్నయ్, కొట్టకుండ్రి బిడ్డా" అని అరుచుకుంటూ వస్తేగాని ఆపలేదు. నేను కెమెరా బ్యాగులో పెట్టేశాను.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గూళ్లను, గుడ్లను చెదరగొట్టడం వేట కిందికే వస్తుంది. పక్కనుండి ఫొటోలు తీసిన మనమూ ఇబ్బందుల్లో పడొచ్చు. అసలు ఈ కొంగలకు అంత హడావుడే అక్కర్లేదు. నాటేసిన పొలం గట్టున కదలకుండా కూర్చుంటే నత్తలు ఏరుకుంటూ అవే దగ్గరికొస్తాయి. వాటి ముక్కు మధ్య ఉండే సందు కూడా ఫొటోలో స్పష్టంగా పడుతుంది.

ఎవరికైనా కట్టేముందు చోటు పేరు, అనుమతి కాగితం, గూళ్లకు ఎంత దూరంలో ఆపుతారో రాతపూర్వకంగా అడగండి. ప్రకటనలో వేసిన ఫొటో ఒరిజినల్ ఫైలు కూడా పంపమనండి, తేదీ అందులోనే ఉంటుంది. వాళ్ల ప్రకటనలో ఉన్న ఎర్రకాళ్ల కొంగల ఫొటో గురించి నేను అడిగితే జవాబే లేదు. పైసలు వాపసు అడిగినందుకు గ్రూపులోంచి తీసేశారు.

ఇప్పటికే కట్టినవాళ్లు ఫోన్‌పే రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. నేను పెట్టాను.