సిమెంటు ర్యాంపా, ఇనుప ర్యాంపా, లిఫ్టా: గ్రామ సచివాలయం మెట్ల దగ్గర ఏది మేలు?

పంచాయతీల వాళ్లూ బడుల కమిటీల వాళ్లూ మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. నాగావళి, వంశధార వరద భయం ఉన్న ఊళ్లలో బేస్‌మెంట్ ఎత్తుగానే వేస్తాం కాబట్టి రెండడుగుల ఎత్తు లెక్క తీసుకుందాం.

ఖర్చు కంటే ముందు చూడాల్సింది ఒకటుంది: చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి ఎవరూ తోయకుండా తనే ఎక్కగలగాలి. అది తేల్చేది వాలు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, అంటే రెండడుగులకు 24 అడుగులు. మన దగ్గర మేస్త్రీలు చాలాచోట్ల ఎనిమిది, పది అడుగుల్లో ముగించేస్తారు. అది బైకు ఎక్కడానికి పనికొస్తుంది, మనిషికి కాదు. పైగా జారకుండా అని అడ్డంగా లోతైన గాడులు పెడతారు. కుర్చీ ముందు చిన్న చక్రాలు వాటిలోనే ఇరుక్కుంటాయి. చీపురుతో గీసిన సన్న గీతలు చాలు.

స్థలం లేదనేవాళ్లు మలుపు ర్యాంపు వేసుకోవచ్చు. పన్నెండడుగుల వాలు రెండు, మధ్యలో తిరగడానికి ఐదడుగుల చదును, పైనా కిందా మరో ఐదేసి అడుగులు. మొత్తం సుమారు 22 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పులో సరిపోతుంది. వాలు వెడల్పు నాలుగడుగులు, అంచున నాలుగంగుళాల గట్టు, రెండు వైపులా 30, 36 అంగుళాల ఎత్తుల్లో పట్టుకునే పైపులు. ర్యాంపు లోపల నింపే గ్రావెల్ ఆరంగుళాల పొరలుగా వేసి, నీళ్లు కొట్టి, దిమ్మిసతో గట్టిపరచాలి. ఒకేసారి పోసేస్తే వానలకు కిందికి దిగి, వరండాతో కలిసే చోట బీట పడుతుంది. ఆ బీటే మెట్టవుతుంది.

ఇనుప ర్యాంపు అద్దె భవనాలకు మంచిది, ఊడదీసి పట్టుకెళ్లొచ్చు. కానీ వాలు లెక్క దానికీ ఇదే. కవిటి, సోంపేట, భోగాపురం వైపు ఉప్పుగాలికి తుప్పు ముందు వెల్డింగు అతుకుల దగ్గర మొదలవుతుంది. జింకు పూత వేయించాక మళ్లీ వెల్డింగు చేస్తే అక్కడ పూత కాలిపోతుంది. కాబట్టి బోల్టులతోనే బిగించండి. మడతపెట్టే ఆరడుగుల ర్యాంపు పలక ఒక్క మెట్టుకే, అంటే ఆరంగుళాల ఎత్తుకే.

లిఫ్టు తక్కువ స్థలంలో ఇమిడిపోతుంది. కరెంటు పోతే మాత్రం మనిషి కిందే ఆగిపోతాడు. 2018లో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది. సాయం కోసం సచివాలయానికి వెళ్లాల్సిన రోజులు సరిగ్గా అవే. లిఫ్టు పై అంతస్తులో ఉన్న కౌంటరు కోసమే అయితే, దాని కంటే ముందు ఆ కౌంటరును కిందికి దించండి.

కాబట్టి స్థలం ఉన్నచోట నా మాట సిమెంటు మలుపు ర్యాంపుకే. మెట్లు మాత్రం తీసేయకండి. చంకకర్రలతో నడిచేవాళ్లలో చాలామందికి పొడుగు వాలు కంటే పైపు ఉన్న పొట్టి మెట్లే సుఖం.

ర్యాంపు బాగా కట్టాక కూడా గడప దగ్గర పని చెడుతుంది. అరంగుళం దాటిన గడప, గ్రిల్ గేటు కింద చానల్, 36 అంగుళాల కంటే ఇరుకు తలుపు, వీటిలో ఏ ఒక్కటున్నా బయటి ర్యాంపు దండగే. 2016 వికలాంగుల హక్కుల చట్టం అడిగేది భవనం లోపలికి చేరడం, వరండా దాకా రావడం కాదు.

బిల్లు చెల్లించే ముందు నాలుగడుగుల వంకర లేని చెక్కను వాలు మీద పెట్టి, దానిపై రసమట్టం ఉంచి, బుడగ మధ్యకు వచ్చేదాకా కింది కొస ఎత్తండి. ఆ కొస కింద ఖాళీ నాలుగంగుళాలు దాటితే వాలు ఎక్కువైనట్టే. ఆ తర్వాత ఊళ్లో చక్రాల కుర్చీ వాడేవాళ్లను పిలిచి ఒంటరిగా ఎక్కి, లోపలి కౌంటరు దాకా వెళ్లి రమ్మనండి. ఎక్కడైనా వెనక నుంచి చెయ్యి వేయాల్సి వస్తే అది సరిచేశాకే సంతకం పెట్టండి.