డాయ్ సాహసయాత్ర: 1991దా, 2020దా, మాంగానా?

«ఫ్రీరెన్» అనిమే (జపనీస్ యానిమేషన్ సిరీస్) చూసి అలాంటి ఫాంటసీ ఇంకొకటి కావాలనేవాళ్లు, డ్రాగన్ క్వెస్ట్ గేములు ఆడి ఇటు వచ్చేవాళ్లు, అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: «డ్రాగన్ క్వెస్ట్: ది అడ్వెంచర్ ఆఫ్ డాయ్» పాతది చూడాలా, కొత్తది చూడాలా, లేక మాంగా (జపనీస్ బొమ్మల కథ) చదివితే సరిపోతుందా? ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు ఇక్కడే వివరంగా రాస్తున్నాను. పెద్ద మలుపులు కొన్నింటిని బయటపెట్టను కానీ, కథ అస్సలు తాకకుండా పోల్చడం మాత్రం కుదరదు.

డెల్మురిన్ దీవిలో రాక్షసుల మధ్య పెరిగిన డాయ్, గురువు అవాన్, మళ్లీ లేచిన రాక్షసరాజు హాడ్లర్... కథ వీళ్లతో మొదలవుతుంది. రచన రికు సాంజో, బొమ్మలు కోజి ఇనాడా, పర్యవేక్షణ గేముల సృష్టికర్త యుజి హోరీ. మాంగా 1989 నుంచి 1996 దాకా షోనెన్ జంప్ వారపత్రికలో నడిచి 37 సంపుటాలైంది. మొదటి అనిమే 1991 అక్టోబర్‌లో టీబీఎస్ టీవీ చానెల్‌లో మొదలై 46 ఎపిసోడ్లకు ఆగింది. రెండోది 2020 అక్టోబర్ నుంచి 2022 అక్టోబర్ దాకా టీవీ టోక్యోలో శనివారం పొద్దున వచ్చి, సరిగ్గా 100 ఎపిసోడ్లలో కథ మొత్తం చెప్పింది. రెండూ తోయె యానిమేషన్ తీసినవే.

పాతదాని గొప్పతనం తక్కువ చేసి చెప్పలేను. గేములకు సంగీతం ఇచ్చిన కోయిచి సుగియామా బాణీలే అందులో వినిపిస్తాయి. గేమ్ ఆడినవాళ్లకు ఆ బాణీ మొదలైతే చాలు, కత్తి పట్టుకుని బయల్దేరాలనిపిస్తుంది. డాయ్‌కు గొంతిచ్చిన తోషికో ఫుజితా మాటలో పసితనం, పట్టుదల రెండూ కలిసే పలుకుతాయి. ఆమె 2018లో కన్నుమూశారు. చేత్తో రంగులేసిన ఆ అడవులు, కోటలు, రాత్రి ఆకాశాలు ఇవాళ్టికీ కళ్లకు హాయిగా ఉంటాయి. నడక కూడా తీరికగా ఉంటుంది. శత్రు సేనాధిపతి బారన్‌తో పోరు ముగిసేదాకా రావడానికి పాతది 46 ఎపిసోడ్లు తీసుకుంటే, కొత్తది దాదాపు ముప్పై ఎపిసోడ్లకే అక్కడికి చేరుతుంది. మొదట్లోని దొంగ హీరోల కథను కొత్తది గబగబా దాటేస్తుంది. డాయ్‌కి దీవి మీద ఉన్న ప్రేమ, తాత బ్రాస్‌తో అనుబంధం పాతదాంట్లోనే ఎక్కువ మనసుకు పడతాయి.

అయినా నా ఓటు కొత్తదానికే. కారణం డాయ్ కాదు, పాప్.

డాయ్ మొదటినుంచీ ధైర్యవంతుడే. పక్కన నిలబడ్డ మంత్రగాడు పాప్ మాత్రం ఆయుధాలు చేసే కమ్మరి కొడుకు, మామూలు కుర్రాడు. వంశబలం లేదు, నుదుట ముద్ర లేదు, ఆపదొస్తే మొదట పరిగెత్తేది అతనే. ఇతన్ని త్వరగా చంపేయమని ఎడిటర్ వైపు నుంచి మాట వచ్చినా తాను ఒప్పుకోలేదని సాంజో ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ పట్టుదలే ఈ కథను నిలబెట్టింది.

రోమోస్ సత్రంలో జరిగే సీన్ చూడండి. బయట శత్రు సేనాధిపతి క్రొకొడైన్ మృగసేన ఊరి మీద పడింది. డాయ్, జట్టులోని అమ్మాయి మామ్ ఇద్దరూ కోటకు పరిగెత్తారు. పాప్ భయంతో గదిలోనే ఉండిపోయాడు. అప్పుడు అతని దగ్గరికి వచ్చేది ఏ మహాముని కాదు, దోపిడీకి వచ్చిన దొంగ హీరోల ముఠాలోని ముసలి మంత్రగాడు మాజోహో. స్ఫటిక గోళంలో డాయ్ ఒక్కడే దెబ్బలు తింటూ పోరాడడం చూపిస్తాడు. కుర్రతనంలో తనకూ హీరో కావాలని ఉండేదని, ఆపద వచ్చిన ప్రతిసారీ తోటివాళ్లను వదిలి పారిపోతూ పారిపోతూ చివరికి ఈ చిల్లర బతుక్కి దిగానని చెబుతాడు. ఎదుటివాడి బలాన్ని బట్టి బయటికి తీసి, మళ్లీ లోపల దాచుకునేది అసలు ధైర్యమే కాదని గురువు తనకు నేర్పిన మాటను పాప్‌కి అప్పజెబుతాడు. తాను నిలబెట్టుకోలేని మాటను ఇంకొకడి చేతుల్లో పెడుతున్న ఆ ముసలాయన ముఖం చూస్తే నాకు గొంతు పట్టేస్తుంది. పాప్ లేచి పరిగెత్తుతాడు, ఈసారి కోట వైపు.

ఈ సీన్ రెండు అనిమేల్లోనూ ఉంది. కానీ ఆ మాట ఎటు దారితీసిందో పాతదాంట్లో సగమే చూస్తాం. బారన్ ముందు పాప్ తీసుకునే నిర్ణయం దాకా 1991 వెర్షన్ గొప్పగా వెళ్తుంది. ఆ సన్నివేశం దాన్నే ముందు చూసినవాళ్లకు జన్మలో మరిచిపోలేనిది. తర్వాత టీబీఎస్ కార్యక్రమాల మార్పుల్లో సిరీస్ ఆగిపోయింది, తోచిన ముగింపు పెట్టి ఆపేశారు. నారు పోసి కోత చూడకుండా ఊరొదిలినట్టయింది. ముసలి మంత్రగాడు మటోరిఫ్ దగ్గర మంటనూ మంచునూ కలిపే మెదొరోవా మంత్రం నేర్చుకోవడం, అవాన్ శిష్యుల పతకాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే తన పతకం మాత్రం వెలగక పాప్ పడే నరకం, ఆఖరున హాడ్లర్‌కీ పైవాడైన రాక్షస చక్రవర్తి వేర్న్ ఎదుట డాయ్ సైతం చేతులెత్తేసినప్పుడు పాప్ నోట వచ్చే మాటలు, ఇవన్నీ అసలు టీవీ మీద కదలడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. ఆ చివరి ప్రసంగం గురించి ఎక్కువ చెప్పను. చిన్నప్పుడు చావంటే భయపడి ఏడ్చిన పిల్లాణ్ని అమ్మ దగ్గరకు తీసుకుని ఏం చెప్పిందో, ఆ మాటే దేవుడంత బలమున్నవాడి ముందు అతను తిప్పి చెబుతాడు. తోషియుకి తొయొనగా గొంతులో అది వింటే, అంతకుముందు తొంభై ఎపిసోడ్లలో అతను పారిపోయిన ప్రతి సందర్భానికీ అర్థం వస్తుంది. అందుకే కథ పూర్తిగా ఉండడమే నాకు అన్నిటికంటే ముఖ్యం.

కొత్తదాని లోపాలు కూడా ఉన్నాయి. చేతి బొమ్మలతో కలిపి వాడిన 3డీ గ్రాఫిక్స్ మొదటి ఫైట్లలో అతికినట్టు ఉండవు. పోనుపోను నయమవుతుంది. యుకి హయాషి సంగీతం చాలా బాగుంది, ఆఖరి పోరులో మరీను. గేమ్ బాణీలు కోరుకునేవాళ్లకు మాత్రం ఆ లోటు తీరదు. సాగదీత దాదాపు లేదు, ఇంత పెద్ద షోనెన్ (కుర్రాళ్ల కోసం తీసే) అనిమేకి ఇది అరుదు. పిల్లలతో చూడొచ్చా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. పదేళ్లు దాటినవాళ్లతో నిశ్చింతగా చూడొచ్చు, బారన్ పోరు దగ్గర మాత్రం పక్కన కూర్చోండి.

మాంగా సంగతి. చదివే అలవాటుంటే అది దేనికీ తీసిపోదు. ఇనాడా గీసే ముఖాల్లో భయం, సిగ్గు, కోపం గీతల్లోనే తెలిసిపోతాయి. ఏ పేజీ దగ్గర ఎంతసేపు ఆగాలో మన ఇష్టం. విజ్ మీడియా ఇంగ్లీష్ అనువాదం ఉంది. వంద ఎపిసోడ్లకు టైమ్ లేదనేవాళ్లు నిస్సంకోచంగా ఇదే తీసుకోండి, కథ ఏమీ కోల్పోరు. పాప్ గొంతు ఒక్కటే వినలేరు.

1991, 92ల్లో వచ్చిన మూడు చిన్న సినిమాలు సరదాకి చూడొచ్చు, లేకున్నా నష్టం లేదు. అవాన్ కుర్రతనం మీద వచ్చిన ముందుకథ మాంగాను మాత్రం డాయ్ కథ పూర్తయ్యాకే ముట్టుకోండి, లేకపోతే కొన్ని రహస్యాలు ముందే తెలిసిపోతాయి.

కాబట్టి 2020దితో మొదలుపెట్టండి. ఆరంభం హడావుడిగా ఉందని మూడో ఎపిసోడ్‌కే వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ సత్రం సీన్ పది ఎపిసోడ్ల లోపే వస్తుంది, అక్కడిదాకా చూడండి. అదయ్యాక కూడా పాప్ మీద మనసు పోకపోతే, ఈ సిరీస్ మీకు కాదని నిర్ణయించుకోవచ్చు. మనసు పోతే వందా చూసేసి, ఆ తర్వాత పాత అనిమేలో బారన్ ఘట్టాన్ని విడిగా చూడండి.