లె ఆవ్ర్‌లో పెరే కట్టిన చర్చి, పెరే కట్టిన ఇల్లు

పారిస్ చూడడానికి వచ్చిన బంధువులు ఈఫిల్ టవర్, నోత్రదామ్ అయ్యాక ఇంకా ఏం చూడాలని అడిగితే నేను ఫ్రాన్సు ఉత్తర తీరంలోని రేవు పట్టణం లె ఆవ్ర్ వెళ్లి రమ్మంటాను. సాన్ లజార్ స్టేషనులో రైలెక్కితే సుమారు రెండు గంటల ప్రయాణం. అక్కడ చూడవలసినవి రెండు. ఒకటి సముద్రానికి దగ్గరలో ఉన్న సెయింట్ జోసెఫ్ చర్చి, రెండోది ఊరి నడిబొడ్డున గైడు వెంట ఉండి చూపించే మాదిరి ఫ్లాటు. రెండింటి వెనకా ఉన్న మనిషి ఒక్కరే, వాస్తుశిల్పి ఒగ్యుస్ట్ పెరే. చర్చికి నేను ఐదుకు ఐదు మార్కులు ఇస్తాను, ఫ్లాటుకు నాలుగు.

నేను సివిల్ ఇంజినీరుని, ఇన్నేళ్లూ కాంక్రీటు పనులు చేయించాను. మన దగ్గర కాంక్రీటు బయటికి కనిపిస్తోందంటే పని ఇంకా మిగిలి ఉందని అర్థం. ప్లాస్టరింగ్ చేసి, పుట్టీ పెట్టి, రంగు వేసేదాకా ఇంటి యజమానికి మనసు కుదుటపడదు. ఎలాగూ ప్లాస్టరింగ్ వస్తుందన్న ధైర్యంతోనే సెంట్రింగ్ చెక్కల (కాంక్రీటు పోసే అచ్చు చెక్కల) సందులు సరిగా మూయరు, కాంక్రీటును కుదిపి గట్టిపరిచే వైబ్రేటర్ సరిగా పెట్టరు. ఆ చెక్కలు విప్పాక కంకర తేలితే పైన సిమెంటు పూసేస్తారు. పెరే జీవితమంతా దీనికి ఎదురు నిలిచారు. తన కాంక్రీటు రాయి కన్నా అందమైనదని ఆయన నమ్మారు. అది కప్పిపెట్టవలసిన వస్తువు కాదని, రాయిని చెక్కినట్టు దాన్నీ ఉలితో చెక్కవచ్చని చేసి చూపించారు. లె ఆవ్ర్‌లో వీధి స్తంభాలను దగ్గరగా చూడండి. పై పొర చెక్కేస్తే లోపలి కంకర బయటపడి, ఒక్కో చోట ఒక్కో రంగులో మెరుస్తుంది. కూలిపోయిన ఊరి శిథిలాలను పిండి చేసి కూడా కాంక్రీటులో కలిపారు.

ఊరు కూలిన సంగతి తెలియకుండా ఈ చర్చి అర్థం కాదు. 1944 సెప్టెంబరు 5, 6 తేదీల్లో అప్పటికి జర్మన్ల చేతిలో ఉన్న ఈ ఊరి మీద బ్రిటిష్ విమానాలు వేసిన బాంబులకు నగరం మధ్య భాగం నేలమట్టమైంది. దాన్ని మళ్లీ కట్టే బాధ్యత మరుసటి ఏడాది పెరేకు అప్పగించారు. అప్పటికి ఆయన వయసు డెబ్భై దాటింది. యుద్ధంలో చనిపోయిన వారి జ్ఞాపకంగా ఈ చర్చి గోపురం సముద్రం మీద నుంచి కూడా కనిపించేలా 107 మీటర్ల ఎత్తున లేచింది.

బయటి నుంచి చర్చి వెంటనే మనసుకు పట్టదు. బూడిదరంగు గోపురం, కింద పెట్టె లాంటి కట్టడం. మబ్బు పట్టిన రోజున దూరం నుంచి చూసి ఎవరైనా ఇది ఫ్యాక్టరీ అనుకుంటే తప్పు పట్టలేను. తలుపు దాటాక సంగతి వేరు. బలిపీఠం గోడ వారన కాక సరిగ్గా మధ్యలో ఉంది, కుర్చీలు దాని చుట్టూ ఉన్నాయి. అక్కడ నిలబడి తల ఎత్తితే గోపురం పై దాకా చూపుకు అడ్డు లేదు, లోపలంతా డొల్ల. ఎనిమిది పలకల ఆ గోపురం బరువు ఏటవాలు దూలాల మీదుగా నాలుగు మూలల్లోని స్తంభాలకు దిగుతుంది. మూలకు నాలుగు చొప్పున పదహారు స్తంభాలు. బరువు ఎక్కడ మొదలైంది, ఏ దారిన భూమిలోకి దిగింది అన్నది వేలు పెట్టి చూపించవచ్చు. సెంట్రింగ్ చెక్కల గీతలు కూడా కాంక్రీటు మీద అలాగే ఉన్నాయి. ఆ గీతలు తిన్నగా ఉన్న తీరు చూసి, పేరు తెలియని ఆ వడ్రంగులకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

గోడలు గోపురాన్ని మోయనవసరం లేదు కనుక వాటిని గాజుతో నింపగలిగారు. 12,768 గాజు ముక్కలు, వాటిలో ఒక్క బొమ్మ కూడా లేదు. మార్గరీట్ యురే అనే కళాకారిణి రంగులతోనే పని జరిపించారు. ఉత్తరం, తూర్పు వైపుల చల్లని రంగులు, దక్షిణం, పడమర వైపుల నారింజ, బంగారం, ఎరుపు. మిట్ట మధ్యాహ్నం కన్నా పొద్దు వాలేటప్పుడు వెళ్లండి. ఎండ తిరిగే కొద్దీ ఆ ఎర్రని వెలుగు ఒక స్తంభం మీద నుంచి ఇంకో స్తంభం మీదికి పాకుతుంది. అంత గరుకు కాంక్రీటు అంత మృదువుగా కనిపించడం నేను మరెక్కడా చూడలేదు. ప్రవేశానికి డబ్బు తీసుకోరు. నేను క్రైస్తవుణ్ని కాను, అయినా అక్కడ చాలాసేపు కూర్చున్నాను.

పెరే ఈ గోపురాన్ని పూర్తయ్యాక చూడలేదు. 1951లో శంకుస్థాపన జరిగింది, 1954 ఫిబ్రవరిలో ఆయన చనిపోయారు, ఆయన వెంట పనిచేసిన వాళ్లు 1957 నాటికి పూర్తి చేశారు. 1874లో బ్రసెల్స్ పక్కనే ఉన్న ఇక్సెల్‌లో పుట్టారాయన. తండ్రి రాతి పని చేసే మేస్త్రీ. 1871లో పారిస్ ప్రజలు ప్రభుత్వం మీద చేసిన పారిస్ కమ్యూన్ తిరుగుబాటులో పాల్గొన్నందుకు ఫ్రాన్సు విడిచి అక్కడ తలదాచుకున్నారు. తర్వాత కుటుంబం పారిస్‌కు తిరిగి వచ్చి నిర్మాణ వ్యాపారం పెట్టింది. ఒగ్యుస్ట్ ప్రసిద్ధ లలిత కళల విద్యాలయంలో చదివి కూడా పట్టా తీసుకోకుండానే తండ్రి పనిలో చేరారు, తర్వాత తమ్ముళ్లతో కలిసి దాన్ని నడిపారు. బొమ్మ గీసే చేయి, ఇనుప చువ్వలు కట్టించే చేయి ఒకటే కావడం ఆయన బలం. ఆయన కార్యాలయంలో కొంతకాలం పనిచేసి కాంక్రీటు నేర్చుకున్న కుర్రవాడే తర్వాత చండీగఢ్‌కు రూపమిచ్చిన లె కొర్బూజియే. కిటికీ అడ్డంగా ఉండాలా నిలువుగా ఉండాలా అని తర్వాత వాళ్లిద్దరూ బహిరంగంగానే వాదించుకున్నారు. నిలబడిన మనిషికి నిలువు కిటికీయే సరైనదన్నది పెరే వాదన.

ఆ వాదన ఎంత నిజమో మాదిరి ఫ్లాటులో తెలుస్తుంది. ఇల్లు కోల్పోయిన వాళ్లకు కొత్త ఇల్లు ఎలా ఉండబోతోందో చూపడానికి అప్పట్లో అమర్చిన ఫ్లాట్ల తరహాలో దీన్ని సర్దారు. నేల దాకా దిగిన కిటికీల వల్ల గది లోపలి మూలకు కూడా వెలుతురు అందుతుంది. స్తంభాల మధ్య దూరం ఊరంతా ఒకటే, 6.24 మీటర్లు. ఆ కొలత వల్లే విడి భాగాలను ముందే పోతపోసి త్వరగా కట్టగలిగారు. కట్టడం బరువంతా స్తంభాలు మోస్తాయి కనుక లోపలి గోడలు తేలికైనవి, గదులను కలుపుకోవచ్చు. స్నానాల గది, ఇల్లంతటికీ వెచ్చదనం, పనికి అనువుగా అమర్చిన వంటగది, అన్నీ ఉన్నాయి. యుద్ధం ముగిసిన కొత్తలో గుడిసెల్లో తలదాచుకున్న కుటుంబాలకు ఇవి ఎంత పెద్ద భరోసా అయి ఉంటాయో ఆలోచించండి. మార్సెల్ గాస్కోఁ, రెనె గబ్రియేల్ చేసిన చెక్క సామాను నిరాడంబరంగా, గట్టిగా ఉంది. ఒక మార్కు తగ్గించడానికి కారణం, గుంపుతో కలిసి కదలాలి కనుక కావలసిన చోట కావలసినంత సేపు నిలబడలేం. నేను వెళ్లినప్పుడు వివరణ ఫ్రెంచిలో సాగింది. భాష రాని వాళ్లు తెలిసిన వాళ్లను వెంట తీసుకెళ్లడం మంచిది. టికెట్టు ముందుగా తీసుకోండి.

పెరే కట్టడాలను మెచ్చుకుంటూ ఒక మాట దాచలేను. పారిస్ శివారు లె రాన్సీలో ఆయన 1922–23లో కట్టిన నోత్రదామ్ చర్చి నాకు ఇంకా ఇష్టం. చేతిలో డబ్బు తక్కువ, మొదటి యుద్ధంలో పోయిన వారికి స్మారకం కావాలి, పని ఏడాదికి కాస్త మించి అయింది. 11 మీటర్ల ఎత్తు స్తంభాల అడుగు వ్యాసం 43 సెంటీమీటర్లే. అంత సన్నగా పోసినందుకు ఫలితం తర్వాతి తరాలు అనుభవించాయి. ఇనుము మీద కవరు (చువ్వలను కప్పే కాంక్రీటు పొర మందం) చాలక నీరు చేరి, తుప్పు పట్టి కాంక్రీటు పెచ్చులూడింది, మరమ్మతులు పెద్దగా చేయవలసి వచ్చింది. కాంక్రీటును బయటపెట్టేవాడు దాని కవరు విషయంలో రెట్టింపు జాగ్రత్త పడాలి.

అయినా ఆ చర్చి ప్రభావం మన దాకా వచ్చింది. టోక్యోలోని ఒక మహిళా క్రైస్తవ కళాశాలకు రాన్సీ నమూనాలో ప్రార్థనాలయం కట్టిన వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్, పుదుచ్చేరిలోని అరవిందాశ్రమం కోసం పూత లేని కాంక్రీటుతో ఒక వసతిగృహానికి రూపమిచ్చారు. హైదరాబాదు సంస్థాన ప్రధాని సర్ అక్బర్ హైదరీ ద్వారా వచ్చిన విరాళంతో కట్టినది కనుక దాని పేరు గోల్కొండ. హైదరాబాదు నుంచి వెళ్లే ఇంజినీరింగ్ విద్యార్థులు దాన్ని చూసి తీరాలి.

లె ఆవ్ర్‌లో సముద్రపు గాలి విపరీతం, ఎండాకాలంలో కూడా స్వెటరు దగ్గర ఉంచుకోండి. చర్చికి కనీసం గంట కేటాయించండి, ఫ్లాటు ముందు, చర్చి తర్వాత. అంత దూరం వెళ్లే తీరిక లేని వాళ్లు పారిస్‌లో శివార్లకు వెళ్లే ఆర్‌ఈఆర్ రైళ్లలో ఈ (E) లైను ఎక్కి రాన్సీ అయినా చూసి రండి. చర్చి తెరిచి ఉండే వేళలు కనుక్కుని బయలుదేరండి.