రీజనింగ్ టెస్ట్ ప్యాకేజీ కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు జవాబుల కీ సరిచూడండి

బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతూ రీజనింగ్ (తర్కం మీద అడిగే ప్రశ్నల) సాధన కోసం ఆన్‌లైన్‌లో టెస్ట్ ప్యాకేజీలు కొనే వాళ్లందరికీ ఈ హెచ్చరిక. నేను, మా చెల్లెలు కలిసి 999 రూపాయలు పెట్టి కొన్న ప్యాకేజీలో చాలా ప్రశ్నలకు కీ తప్పు. అక్కడక్కడా దొర్లే అచ్చుతప్పుల గురించి కాదు నేను చెబుతున్నది. ప్రశ్న తయారు చేసిన వాళ్లకే తర్కం తెలియదు, లేదా తెలుసుకోవాలన్న పట్టింపు లేదు. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. కానీ తప్పు కీతో నెలల తరబడి సాధన చేస్తే, సరిగ్గా ఆలోచించగల అభ్యర్థి కూడా తన పద్ధతిని అనుమానించి మార్చుకుంటాడు. ఆ నష్టం పరీక్ష రోజున గానీ బయటపడదు.

అమ్మేవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి ప్యాకేజీలు ఒకరిద్దరే అమ్మడం లేదు కాబట్టి పేరు కంటే వాటిని గుర్తుపట్టే పద్ధతే మీకు ఎక్కువ పనికొస్తుంది.

అన్నిటికంటే పెద్ద అబద్ధం ప్రకటనలోనే ఉంది. "ఐబీపీఎస్, ఎస్‌బీఐ గత సంవత్సరాల అసలు ప్రశ్నపత్రాలు" అని పెద్ద అక్షరాలతో రాశారు. ఐబీపీఎస్ 2011 నుంచి ప్రభుత్వ రంగ బ్యాంకులకు ఉమ్మడి పరీక్ష నిర్వహిస్తోంది. ఆ ప్రశ్నపత్రాలను అది బయటికి విడుదల చేయదు. ఎస్‌బీఐ కూడా అంతే. పరీక్షలోని ప్రశ్నలను బయట వెల్లడించడం, ప్రచురించడం నిషేధమని అభ్యర్థులకు ఇచ్చే సూచనల్లోనే ఉంటుంది. కాబట్టి బజారులో దొరికే గత ప్రశ్నపత్రాలన్నీ పరీక్ష రాసి వచ్చిన వాళ్లు గుర్తుంచుకుని చెప్పినవి, లేదా ఆ పోలికతో తయారు చేసినవి. ఆ మాట నిజాయతీగా చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. "అసలు ప్రశ్నపత్రం" అని రాశారంటే మాత్రం ఆ అమ్మకందారు మొదటి వాక్యంలోనే అబద్ధం చెప్పినట్టు. అక్కడే ఆగిపోండి.

ఇక లోపలి సంగతి. ఒక ప్రశ్న ఉన్నది ఉన్నట్టుగా చెబుతాను, మీరే కాగితం మీద గీసి చూడండి. ఎ, బి, సి, డి, ఇ అనే ఐదుగురు ఉత్తరం వైపు ముఖం పెట్టి ఒకే వరుసలో కూర్చున్నారు. సి సరిగ్గా మధ్యలో ఉన్నాడు. ఎ, బి పక్కపక్కన ఉన్నారు. డి చివరి స్థానాల్లో లేడు. సికి వెంటనే ఎడమవైపు ఉన్నది ఎవరు? కీలో జవాబు "డి".

ఎడమ నుంచి లెక్కపెడితే ఇ, డి, సి, ఎ, బి అని కూర్చోవచ్చు. చివర బి, ఎ అని కూడా కూర్చోవచ్చు. లేదా ఎ, బి, సి, డి, ఇ అని ఉండవచ్చు, అందులోనూ ఎ, బి తారుమారు కావచ్చు. మొత్తం నాలుగు అమరికలు. నాలుగూ షరతులన్నిటినీ పాటిస్తాయి. సికి ఎడమపక్కన డి ఉండవచ్చు, బి ఉండవచ్చు, ఎ కూడా ఉండవచ్చు. ఇచ్చిన సమాచారంతో చెప్పలేమన్నదే సరైన జవాబు. ఆ ఐచ్ఛికం మాత్రం ప్రశ్నలో లేనే లేదు. ఇంకో షరతు రాయడం మరిచిపోయి ఉంటారు. మరెక్కడి నుంచో ఎత్తి రాస్తూ ఒక వాక్యం వదిలేసి ఉంటారన్నది నా అనుమానం.

ఈ నాలుగు అమరికలూ గీసి, ఫొటో తీసి సహాయ విభాగానికి పంపాను. వచ్చిన జవాబు: "మేడం, మా కీని నిపుణులు తయారు చేశారు. మీరు కాన్సెప్ట్ మరోసారి చూసుకోండి." మళ్లీ నిలదీస్తే, "ఇలాంటి ప్రశ్నల్లో ఎడమవైపు నుంచి మొదలుపెట్టాలి మేడం, ముందు వచ్చిన అమరికనే తీసుకోవాలి" అన్నారు. అలాంటి నియమం ఏ పరీక్షలోనూ లేదు. సీటింగ్ ప్రశ్నల్లో రెండు అవకాశాలు కనిపిస్తే రెండూ గీసి, మిగతా షరతులతో ఒకదాన్ని కొట్టివేయడమే పద్ధతి. బ్యాంకు పరీక్షల రీజనింగ్‌లో దాదాపు సగం ప్రశ్నలు పజిల్స్, సీటింగ్ మీదే ఉంటాయి. ముందు వచ్చిన అమరికతో ఆగిపోవడం అలవాటైతే ఒకే అమరిక మీద అడిగే ఐదు ప్రశ్నల సెట్టు మొత్తం ఒకేసారి పోతుంది. ఒక్కో ప్రశ్నకు ఒక మార్కు ఉన్న పరీక్షలో అప్పుడు ఐదు మార్కులు రాకపోగా ఒక్కో తప్పుకు పావు మార్కు చొప్పున మరో ఒకటింపావు కూడా కోత పడుతుంది.

మా చెల్లెలి విషయంలో జరిగింది ఇదే. అది మొదటి నుంచీ రెండు అమరికలు గీసుకునేది. ఈ ప్యాకేజీలో పదే పదే "తప్పు" అని ఎర్ర గుర్తు పడేసరికి, తనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో అనుకుని రెండోది గీయడం మానేసింది. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఈ విషయమే. పద్ధతిగా చదివే పిల్లను పద్ధతి తప్పించారు.

ఇచ్చిన ప్రకటనల నుంచి ఏ తీర్మానం చెల్లుతుందో తేల్చే సిలాజిజం ప్రశ్నలు ఇంకా ఘోరం. ప్రకటన ఒకటి: కొన్ని నదులు మాత్రమే చెరువులు. రెండు: చెరువులన్నీ బావులు. తీర్మానాలు: నదులన్నీ చెరువులు అయ్యే అవకాశం ఉంది, నదులన్నీ బావులు అయ్యే అవకాశం ఉంది. కీ ప్రకారం రెండూ సరైనవే. బ్యాంకు పరీక్షల్లో "కొన్ని మాత్రమే" అన్నారంటే కొన్ని అవును, మిగతా కొన్ని కచ్చితంగా కాదు అని అర్థం. చెరువులు కాని నదులు ఉన్నాయని ప్రకటనే చెబుతున్నప్పుడు నదులన్నీ చెరువులు అయ్యే అవకాశమే లేదు. మొదటి తీర్మానం చెల్లదు. చెరువులు కాని ఆ నదులు బావులు కాకూడదని మాత్రం ఎక్కడా లేదు కాబట్టి రెండోది చెల్లుతుంది. ఈ తేడా తెలుసుకోవడానికే ఆ ప్రశ్న పెడతారు. ప్యాకేజీ తయారు చేసిన వాళ్లు "కొన్ని మాత్రమే"ని మామూలు "కొన్ని"గా లెక్కగట్టి, అలాగే వివరణ కూడా రాసేశారు.

ఎక్కువ, తక్కువ, సమానం గుర్తులతో ఇచ్చే అసమానతల్లోనూ ఇదే తంతు. పి ≥ క్యూ = ఆర్ అని ఇచ్చి, పి > ఆర్ అనేది ఒక తీర్మానం, పి = ఆర్ అనేది రెండోది. రెండిట్లో ఏదో ఒకటి తప్పక నిజం కావాలి, కాబట్టి "ఒకటి లేదా రెండు" అన్నది జవాబు. కీలో "రెండూ కావు" అని ఉంది. ఇది కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు సైతం మొదటి వారంలో నేర్చుకునే విషయం.

ప్రశ్నల సంఖ్య గురించి ఎక్కువ చెప్పను. వేల ప్రశ్నలని ప్రకటించారు. లోపల చూస్తే ఒకే పజిల్‌లో పేర్లు మార్చి, నగరాల బదులు రంగులు పెట్టి, మసిపూసి మారేడుకాయ చేసినవే ఎన్నో. బొమ్మల శ్రేణుల ప్రశ్నలు కూడా బోలెడు చేర్చారు. అవి బ్యాంకు ప్రిలిమ్స్‌లో (తొలి దశ పరీక్షలో) అడగక చాలా కాలమైంది.

టెస్ట్ నడిచే తీరు మరో మోసం. ఐబీపీఎస్ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్), క్లర్క్ ప్రిలిమ్స్‌లో రీజనింగ్‌కు 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు సగటున 34 సెకన్లు. ఆ విభాగం సమయం అయిపోతే వెనక్కి వెళ్లే వీలు లేదు. వీళ్ల మాక్ టెస్టుల్లో మొత్తం గంట ఒకే గడియారం. ఇంగ్లిష్ త్వరగా ముగించి మిగిలిన సమయాన్ని పజిల్స్‌కు వాడుకోవచ్చు. పావు మార్కు కోత కూడా లేదు. అలా వచ్చిన మార్కులు చూసి మనం కటాఫ్ దాటేశామని సంబరపడతాం. అది అసలు పరీక్షకు ఏ విధంగానూ కొలమానం కాదు. ఎస్‌బీఐ పీఓ ప్రిలిమ్స్‌లో ఇటీవలి నోటిఫికేషన్ల ప్రకారం ఇంగ్లిష్ 40, రీజనింగ్ 30 ప్రశ్నలకు మారాయి. వీళ్ల దగ్గర "తాజా" అని ముద్ర వేసిన ఎస్‌బీఐ టెస్టుల్లో ఇంకా 35 ప్రశ్నలే ఉన్నాయి.

చెల్లింపు దగ్గర ఇంకో ఉచ్చు. పేజీలో "ఆఫర్ ముగియడానికి మరో పది నిమిషాలు" అంటూ గడియారం తిరుగుతుంది. పేజీ మూసి మళ్లీ తెరిస్తే అదే పది నిమిషాలు మళ్లీ మొదలు. కట్టింది ఒక్కసారికే అనుకున్నాం. నిజానికి గడువు వచ్చిన ప్రతిసారీ ఖాతా నుంచి డబ్బు దానంతట అదే కోసుకునే యూపీఐ ఆటోపేకు అనుమతి తీసుకున్నారు. ఆ సంగతి చెల్లింపు తెరలో కింద చిన్న అక్షరాల్లో ఉంది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఇలాంటి డబ్బు కోతకు కనీసం 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలి. మాకు ఆ సందేశం రావడం వల్లనే రెండో కోత తప్పింది. మీరు ఇలాంటి ప్యాకేజీ ఇప్పటికే కొని ఉంటే, ముందు మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి చూడండి. అమ్మకందారు పేరు కనిపిస్తే అక్కడే రద్దు చేయవచ్చు. వాళ్ల అనుమతి అక్కర్లేదు.

నంద్యాలకో హైదరాబాదుకో వెళ్లి, గది అద్దె కట్టుకుని కోచింగ్ తీసుకునే స్థోమత లేని వాళ్లే ఎక్కువగా ఇలాంటి వాటి మీద ఆధారపడతారు. వాళ్లకు సందేహం తీర్చడానికి పక్కన మాస్టారు ఉండరు. కీ ఏది చెబితే అదే వేదం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొనేముందు ఇది చేయండి. నమూనా టెస్టు ఇవ్వమని అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. ఇస్తే అందులో మార్కులు చూసుకోవద్దు, కీని పరీక్షించండి. "కొన్ని మాత్రమే" ఉన్న సిలాజిజం ఒకటి, ≥ గుర్తుతో "ఒకటి లేదా రెండు" రావాల్సిన అసమానత ఒకటి, సీటింగ్ సెట్టు ఒకటి వెతకండి. సీటింగ్‌లో రెండో అమరిక సాధ్యమవుతుందేమో పట్టుదలగా ప్రయత్నించండి. మంచి ప్రశ్న అయితే ఎంత ప్రయత్నించినా రెండోది కుదరదు. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా ఆ ప్యాకేజీ వద్దు. వివరణలు కూడా చదవండి. జవాబు ఎందుకు వచ్చిందో చెప్పకుండా చివరి అమరికను మాత్రమే బొమ్మగా పెట్టారంటే, ఆ ప్రశ్నను ఎవరూ నిజంగా సాధించి చూడలేదని నేను అనుకుంటాను. తర్వాత తాజా నోటిఫికేషన్ పక్కన పెట్టుకుని ప్రశ్నల సంఖ్య, విభాగాల సమయం, నెగెటివ్ మార్కులు సరిపోల్చండి. ఐదు నిమిషాల పని.

డబ్బు పెట్టకుండా దొరికేవీ ఉన్నాయి. కాల్ లెటర్‌తో పాటు వచ్చే సమాచార పత్రంలో నమూనా ప్రశ్నలు ఉంటాయి. అవి కొద్దిగానే ఉన్నా నమ్మదగినవి. నోటిఫికేషన్‌లో పేర్కొన్న వర్గాల అభ్యర్థులకు పరీక్షకు ముందు ఉచిత శిక్షణ ఉంటుంది, దరఖాస్తులోనే ఆ అవకాశాన్ని ఎంచుకోవాలి. ప్రభుత్వ ఎస్సీ, బీసీ స్టడీ సర్కిళ్లు బ్యాంకింగ్ పరీక్షలకు ఉచిత కోచింగ్ బ్యాచ్‌లు నడుపుతుంటాయి, వాటి ప్రకటనలను గమనిస్తూ ఉండండి.

ఇప్పటికే మోసపోయిన వాళ్లు ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆన్‌లైన్‌లోనూ చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటన నేరుగా ఫిర్యాదు చేయదగ్గ విషయం. కోచింగ్ రంగంలో అలాంటి ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మాయ గడియారాలు, చెప్పకుండా అంటగట్టే చందాలు 2023 నాటి డార్క్ ప్యాటర్న్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మభ్యపెట్టే ఎత్తుగడల) మార్గదర్శకాల్లో నిషిద్ధ పద్ధతులు. ఫిర్యాదులో "ప్రశ్నలు బాగాలేవు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఫలానా తేదీన ఫలానా ప్రకటన చూసి కొన్నాను, అందులో ఇచ్చిన మాట ఇది, నాకు అందింది ఇది అని పక్కపక్కన రాయండి. చెల్లింపు రసీదు, ప్రకటన, తప్పు కీ ఉన్న పేజీలు, సహాయ విభాగంతో జరిగిన సంభాషణ అన్నీ జతచేయండి.

స్క్రీన్‌షాట్లన్నీ ఫిర్యాదు పంపకముందే తీసి పెట్టుకోండి. మా ఫిర్యాదు వెళ్లిన కొద్ది రోజులకే అమ్మకపు పేజీలో "అసలు ప్రశ్నపత్రాలు" అన్న మాట మాయమైంది. దాని బదులు "పరీక్ష స్థాయి ప్రశ్నలు" అని పెట్టారు. ఐదుగురి వరుస ప్రశ్న, దాని తప్పు కీ మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి.